ఎవరి తాళంచెవి వారికే

బల్లార్‌పూర్ చుట్టుపక్కల బొగ్గుగనులున్నాయి. మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో గనిలో పనిచేసినవారు ఉండే ఉంటారు. వారిని అడిగి చూడండి. గనిలో ఎందరు పనిచేస్తున్నా మందుగుండు పేల్చే పని షాట్‌ఫైరర్‌ది. పేల్చే యంత్రం తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. మిగిలినవారికి ఆ పని చేతకాదని కాదు. ఒకరి పొరపాటు అందరి ప్రాణాల మీదికి వస్తుందని ఈ కట్టుబాటు.

కంప్యూటర్‌లోనూ ఇలాంటి కట్టుబాటు అవసరమే. లీనక్స్ వ్యవస్థలో 'రూట్' అనే సర్వాధికారి ఉంటాడు. అతడు ఏ ఫైలునైనా చెరిపివేయగలడు, ఎవరి పాస్‌వర్డునైనా మార్చగలడు. ఆజ్ఞలో ఒక్క అక్షరం తప్పుపడినా ఏళ్ళ తరబడి దాచిన లెక్కలు పోవచ్చు. బడిలో ప్రింటరు ఆగిపోయిందనుకోండి. దాన్ని మళ్ళీ నడిపించడానికి రూట్ అధికారం కావలసివస్తుంది. అందుకోసం ఆ పని చూసే విద్యార్థికి రూట్ పాస్‌వర్డే చెప్పేస్తే? ప్రింటరు కోసం ఇచ్చిన తాళంచెవితో మార్కుల పెట్టె కూడా తెరుచుకుంటుంది!

ఈ చిక్కు తీర్చడానికి అమెరికాలో, బఫెలోలోని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 1980 ప్రాంతంలో బాబ్ కాగెషాల్, క్లిఫ్ స్పెన్సర్ 'సుడో' అనే ప్రోగ్రాం రాశారు. అప్పటికి లీనక్స్ పుట్టనేలేదు. యూనిక్స్ కోసం రాసినదిది. 'సుడోయర్స్' అనే ఫైలులో ఎవరు, ఏ యంత్రం మీద, ఎవరి అధికారంతో, ఏ ఆజ్ఞ నడపవచ్చో వరుసగా రాసిపెడతారు. విద్యార్థి తన సొంత పాస్‌వర్డే ఇస్తాడు. రూట్ పాస్‌వర్డు అతనికి తెలియనక్కరలేదు. ఎవరు, ఎప్పుడు, ఏ ఆజ్ఞ ఇచ్చారో చిట్టాలో నమోదవుతుంది. ఈ ఫైలును 'విసుడో'తోనే దిద్దాలి. అది రాతలో తప్పులుంటే ముందే పట్టుకుంటుంది.

అసలు తెలివి జాబితా రాయడంలో ఉంది. 'ఇవి తప్ప అన్నీ చేయవచ్చు' అని రాస్తే లాభం లేదు. వద్దన్న ప్రోగ్రాంకు మరో పేరుతో నకలు తీసుకుంటే చాలు, అడ్డు తొలగిపోతుంది. 'ఇవి మాత్రమే' అని రాయాలి. అందులోనూ మోసపోయే చోటు ఒకటుంది. 'విఐ' అనే ఎడిటర్ లోపలి నుంచే వేరే ఆజ్ఞలు నడపవచ్చు. ఒక్క ఫైలు దిద్దమని దాన్ని రూట్ అధికారంతో ఇస్తే, తాళాల గుత్తి మొత్తం ఇచ్చినట్టే. అందుకని 'సుడోఎడిట్' అనే దారి పెట్టారు. ఇందులో విద్యార్థి దిద్దేది ఫైలు నకలును. అదీ తన మామూలు అధికారంతోనే. అతను ముగించాక ఆ నకలును సుడో అసలు చోటికి చేరుస్తుంది.