మంచు అడవులలో స్కీయింగ్

కాళ్ళకు పొడవైన పలకలు బిగించుకొని మంచువాలుపై జారుతూ దిగే క్రీడ స్కీయింగ్. చదును చేసిన బాటలను విడిచి చెట్ల నడుమ దారి చూసుకుంటూ దిగడం అందులో ఒక విధానం. ఎడతెరిపి లేకుండా మంచు కురిసేటప్పుడు బయలు ప్రదేశంలో నేలకూ నింగికీ తేడా తెలియదు. అడవిలోనైతే చెట్ల కాండాలే కంటికి ఆనవాళ్ళు. గాలి తాకిడి తక్కువ కావడం వల్ల మెత్తని మంచు చెదరక నిలుస్తుంది. అందుకే అనేకులు అడవి వాలులను కోరుకుంటారు. అయితే అన్ని అడవులూ ఒకటి కావు. చెట్టు స్వభావాన్ని బట్టి ఆనందమూ, అపాయమూ మారుతుంటాయి.

జపాన్ దేశపు హొక్కైడో దీవిలోని నిసెకో ఈ క్రీడకు ప్రసిద్ధి పొందింది. సైబీరియా నుండి వీచే శీతల పవనాలు జపాన్ సముద్రంపై తేమను గ్రహించి, ఇక్కడి కొండలపై పొడిమంచును కురిపిస్తాయి. ఇక్కడ భూర్జ వృక్షాలు విస్తారం. పూర్వం కాశ్మీరంలో గ్రంథరచనకు వాడిన భూర్జపత్రాలు ఈ జాతి చెట్ల బెరడే. శీతకాలంలో ఇవి ఆకులు రాల్చి నిలుస్తాయి కనుక అడవిలో వెలుతురు ధారాళంగా ప్రసరిస్తుంది.

కెనడా పశ్చిమ భాగంలోని బ్రిటిష్ కొలంబియా అడవుల తీరు వేరు. అక్కడ ఫర్, స్ప్రూస్, సెడార్ వంటి సతతహరిత వృక్షాలే అధికం. వాటి కింది కొమ్మలు గొడుగువలె అడ్డుపడడం వల్ల మొదలు చుట్టూ మంచు గట్టిపడక లోతైన గుంత ఏర్పడుతుంది. పైకి అది కనిపించదు. తలకిందులుగా అందులో పడిన వ్యక్తిపై వదులు మంచు కూలి ఊపిరి ఆడనివ్వదు. తనంతట తాను బయటపడడం దాదాపు అసాధ్యం. కనుచూపు మేరలో ఉండి, నిమిషాలలో తవ్వి తీయగల తోడే అక్కడ ప్రాణరక్షణ.

అమెరికాలోని వర్మాంట్ రాష్ట్రంలో మేపుల్, బీచ్ చెట్లు దగ్గర దగ్గరగా పెరుగుతాయి. అందువల్ల వేసవిలో పొదలను, చిన్న మొక్కలను తొలగించి దారి ఏర్పరుస్తారు. దీనికి అనుమతి తప్పనిసరి. 2007లో బిగ్ జే పర్వతంపై ఇద్దరు వ్యక్తులు అనుమతి లేకుండా వందలాది చెట్లను నరికివేయడం తీవ్ర నిరసనకు దారితీసింది.

ఆల్ప్స్ పర్వతాలలో అడవి గ్రామాలకు రక్షణకవచం. స్విట్జర్లాండులోని ఆండర్‌మాట్ గ్రామంపైనున్న అడవిలో చెట్లు నరకడాన్ని 1397లోనే నిషేధించారు. విరిగిపడే మంచుచరియల నుండి ఊరిని కాపాడేది ఆ చెట్లే. స్కీల పదునైన అంచులు మంచులో దాగిన లేతమొక్కల చివుళ్ళను తెగగొడతాయి. బెదిరిన వన్యప్రాణులు ఆహారం దొరకని కాలంలో పరుగెత్తి శక్తిని కోల్పోతాయి. అందుచేత కొన్ని అడవులలో శీతకాల ప్రవేశం నిషిద్ధం.

చెట్లున్నచోట మంచుచరియల భయం లేదనుకోవడం పొరపాటు. మనిషి సులువుగా జారగలిగినంత ఎడమున్న చోట మంచు కూడా జారగలదు. కనుక అడవిలోకి దిగేవారు ముందుగా ఆ నేలపై పెరిగే చెట్లను గురించి తెలుసుకోవాలి. తమ ప్రాణాన్నీ, ఆ అడవినీ కాపాడగలిగేది ఆ ఎరుకే.