జాతర లేని నాళ్ళలో వేడినీటి ఊరు

పుష్యమాసపు తెల్లవారుజామున బావినీరు చేదుకొని స్నానము చేసినవారికి ఒక సంగతి తెలియును. గాలి వణికించుచుండగా ఆ నీరు మాత్రము గోరువెచ్చగా నుండును. వైశాఖమున అదే నీరు చల్లగా తోచును. నిజమునకు మారినది నీరు కాదు, గాలి. నేల లోపల కొంత లోతున ఎండయు చలియు చొరలేవు. అచ్చటి నీరు ఆ ప్రాంతపు సంవత్సర సగటు వేడిమికి దగ్గరగా నిలిచియుండును. సూర్యాపేట నుండి జనగామ పోవు దారిలోని తిరుమలగిరి వంటి మన ఊళ్ళలో అది 25 డిగ్రీల సెంటిగ్రేడుకు మించియుండుట సాధారణము.

ఈ అంకెను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. జపాను దేశమున 1948 లో ఉష్ణజలములను గూర్చి ఒక శాసనము చేసిరి. భూమినుండి వెలువడు చోట నీటి వేడిమి 25 డిగ్రీలకు తగ్గకున్నను, లేక శాసనము పేర్కొన్న 19 పదార్థములలో ఏ ఒక్కటి తగినంత యున్నను, దానిని 'ఒన్సెన్' అని పిలువవచ్చును. ఈ కొలతను బట్టి చూచినచో తిరుమలగిరి చేదబావి కూడ ఒన్సెనే యగును! చలిదేశము వారికి 25 డిగ్రీలు విశేషము, మనకు కాదు.

అయినను వారి ప్రసిద్ధములైన బుగ్గలు గోరువెచ్చనివి కావు. భూమిలోనికి దిగినకొలది కిలోమీటరుకు సుమారు 25 నుండి 30 డిగ్రీల వంతున వేడి హెచ్చును. వాననీరు రాతి పగుళ్ళవెంట లోతునకు దిగి, కాగి, వేరొక పగులు దొరికినప్పుడు వేగముగా పైకి వచ్చినచో వేడినీటి బుగ్గ యగును. మెల్లగా వచ్చినచో దారిలోనే చల్లారిపోవును. జపానులో 100 కు పైగా సజీవములైన అగ్నిపర్వతములు కలవు. అట్టిచోట్ల వేడి నేలకు చేరువగా నుండుటచే నీరు అంత లోతునకు దిగవలసిన పని లేదు. ఆ దేశమున 27,000 కు పైగా ఉష్ణజలపు ఊటలు లెక్కకు వచ్చుటకు ఇదియే ముఖ్యకారణము.

ఇట్టి ఊళ్ళలో ఒకటి నగానో సీమలోని నొజావా ఒన్సెన్. మంచు పడు కాలమున పలకలపై కొండవాలు జారు క్రీడకై దేశదేశములవారు అచ్చట దిగుదురు. 1998 నాటి శీతకాలపు ఒలింపిక్ పోటీలు కొన్ని ఈ ఊరనే జరిగినవి. అయితే ఊరి నిజస్వరూపము తెలియగోరువారు రద్దీ లేని దినములలో, ఆకురాలు కాలపు వేడుక ముగిసి మంచు ఇంకను పడని నవంబరులో, చూడవలెను. అప్పుడు నొజావానా అను ఆవజాతి ఆకుకూర కోతకు వచ్చును. మన ఇండ్లలో వేసవిన ఊరగాయల పని ఎట్టిదో, వారికి చలికాలమునకై ఈ కూరను ఊరవేయుట అట్టిది. ఊరివారు కట్టలు కట్టలుగా కూరను తెచ్చి వేడినీటి స్నానశాలలలోనే కడుగుదురు. 'ఓగామా' అను మూలకుండమున నీరు సుమారు 90 డిగ్రీల వేడితో నుండును. అందులో గ్రామస్థులు కూరలను, గ్రుడ్లను ఉడికించుకొందురు. పైవారికి అందు ప్రవేశము లేదు.

ఆ ఊర 13 సామాన్య స్నానశాలలు కలవు. వీనికి రుసుము లేదు. వచ్చినవారు పెట్టెలో తోచిన నాణెము వేయుదురు. వీని భారము వహించువారు 'యు-నకామా', అనగా వేడినీటి తోడివారు. చుట్టుపట్ల ఇండ్లవారు సంఘముగా నేర్పడి, వంతులవారీగా తొట్లు కడిగి, దీపముల ఖర్చు పంచుకొందురు. ఈ ఏర్పాటు పూర్వకాలమునుండి వచ్చుచున్నది. యాత్రికుడు రానినాడు కూడ బుగ్గ పాడుపడక నిలుచుటకు ఇదియే కారణము. స్నానమునకు నియమములును కలవు. ముందు వెలుపల ఒడలు కడుగుకొని, కొంచెము కొంచెముగా నీరు పోసికొని, వేడికి ఒడలు అలవడిన పిమ్మట దిగవలెను. తొట్టిలో సబ్బు వాడరాదు, తువాలు ముంచరాదు. గుండె జబ్బు కలవారు వైద్యుని అడిగిన పిమ్మటనే దిగుట మేలు.

మనకు అట్టి అగ్నిపర్వతములు లేవు. అయినను గోదావరి లోయలో బొగ్గు పొరలున్న రాళ్ళ నడుమ లోతైన పగుళ్ళు కలవు. భద్రాచలము చేరువనున్న గుండాల కడ ఏటి ఒడ్డున ఇసుక తోడినచో వేడినీరు ఊరును. చలికాలమున త్రిమూర్తులు అచ్చటికి స్నానమునకు వత్తురని జనుల నమ్మకము. భద్రాద్రికి రద్దీ ముక్కోటి ఏకాదశికి, శ్రీరామనవమికి. కాని గుండాల బుగ్గకు కాలము నిర్ణయించునది గోదావరియే. వరదనాడు ఆ ఇసుక నీటి క్రింద నుండును. ఏరు తీసిన పిమ్మట మరల తోడుకొనవలెను.

ఆ లోయలోనే మణుగూరు కడ పగిడేరున గొట్టపుబావినుండి వేడినీరు ఉబికి వచ్చును. 2020 తరువాతి ఏండ్లలో సింగరేణి సంస్థ అచ్చట భూగర్భపు వేడితో 20 కిలోవాట్ల విద్యుత్తు తీయు ప్రయోగమునకు పూనుకొన్నది. ఇది మెచ్చదగిన యత్నమే. కాని జపానులో ఇట్టి విద్యుత్కేంద్రములను స్నానశాలలవారు పలుచోట్ల ఎదిరించిరి. లోతునుండి అధికముగా తోడినచో తమ ఊటలు సన్నగిల్లునని వారి భయము. కావున ఊట ప్రవాహమును, వేడిమిని ముందుగా ఏండ్ల తరబడి కొలిచి వ్రాసియుంచుట మనకును అవసరము. కొలత లేనిచో, తగ్గినది ఎంతయో తగ్గిన పిమ్మట చెప్పగలవారుండరు.

తిరుమలగిరి, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములనుండి ఖమ్మము మీదుగా భద్రాచలము పోవువారు, వీలున్నచో ఉత్సవము లేని మాఘమాసపు దినమొకటి ఎన్నుకొని గుండాలకు పోవచ్చును. ఏటి లోతునకు దిగక, ఒడ్డున ఇసుక తోడి, చేతితో వేడి చూచి, చెంబుతో నీరు పోసికొనవలెను. సబ్బు నురుగును, విడుపు బట్టలను, విస్తళ్ళను అచ్చట విడువక తిరిగి రావలెను. అచ్చట వేడినీటి తోడివారి సంఘము లేకున్నను, ఆ ఒక్క దినమునకు ఆ వంతు మనదే.