ఇండక్షన్ మోటారు, ట్రాన్స్‌ఫార్మరు: పోలికలు, భేదములు

పొలము గట్టున స్తంభములపై నిలిచియుండు ట్రాన్స్‌ఫార్మరులో కదలు భాగమేదియు లేదు. దాని విద్యుత్తుతోనే బావి నీరు తోడు మోటారు వేగముగ తిరుగుచుండును. చూపునకు ఇంత భేదమున్నను, రెండును ఒకే సూత్రముపై పనిచేయును. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణయే ఆ సూత్రము.

ట్రాన్స్‌ఫార్మరులో ఇనుప రేకుల దొంతిపై తీగచుట్టలు రెండు కలవు. మొదటి చుట్టలో ఏకాంతర విద్యుత్తు ప్రవహించినపుడు ఇనుములో మారుచుండు అయస్కాంత క్షేత్రము ఏర్పడి, రెండవ చుట్టలో విద్యుత్తును ప్రేరేపించును.

మోటారులోను ఇదియే జరుగును. కదలని స్టేటరు చుట్టలు మొదటి చుట్ట వంటివి; రోటరులోని లోహపు కడ్డీలు రెండవ చుట్ట వంటివి. ఈ కడ్డీల కొనలు రెండు వలయములతో కలుపబడియుండును. మూడు ఫేజుల విద్యుత్తు స్టేటరులో పరిభ్రమించు క్షేత్రమును కలిగించును. అది రోటరును తనవెంట త్రిప్పును. ట్రాన్స్‌ఫార్మరు విద్యుచ్ఛక్తిని విద్యుచ్ఛక్తిగనే అందీయగా, మోటారు దానిని యాంత్రిక శక్తిగా మార్చును.

అయితే రోటరు ఆ క్షేత్రపు వేగమును అందుకొనజాలదు. అందుకొన్నచో కడ్డీలలో ప్రేరణ నిలిచి, త్రిప్పు బలము పోవును. 50 సైకిళ్ళ విద్యుత్తుపై నాలుగు ధ్రువముల మోటారులో క్షేత్రము నిమిషమునకు 1500 సార్లు తిరుగును. రోటరు 1440 సార్లు తిరిగినచో వెనుకబాటు నూటికి 4. అప్పుడు రోటరులోని విద్యుత్తుకు సెకనుకు 2 సైకిళ్ళు మాత్రమే. ట్రాన్స్‌ఫార్మరులోనో, రెండు చుట్టలయందును 50 సైకిళ్ళే.

మరియొక భేదము గాలి సందు. రోటరు తిరుగుటకు అది తప్పనిసరి. గాలిలో క్షేత్రమును నెలకొల్పుటకు ఎక్కువ విద్యుత్తు కావలెను. అందుచే భారము లేనపుడు ట్రాన్స్‌ఫార్మరు తన పూర్తి ప్రవాహములో నూటికి కొద్ది వంతులే గ్రహించగా, మోటారు తరచు మూడవ వంతు వరకు గ్రహించును.

స్విచ్చి వేసిన క్షణమున రోటరు నిశ్చలము. అప్పుడు మోటారు, రెండవ చుట్ట షార్టు సర్క్యూటయిన ట్రాన్స్‌ఫార్మరు వంటిదే. నేరుగా కలిపిన మోటారు సాధారణముగ పూర్తి భారపు ప్రవాహమునకు 5 మొదలు 7 రెట్లు గ్రహించును. వేగము హెచ్చి పూర్తి వేగమును చేరునప్పటికి అది తగ్గిపోవును.

త్రిప్పు బలము వోల్టేజి వర్గమును అనుసరించును. వోల్టేజి నూటికి 80 వంతులకు పడిపోయినచో, బలము 64 వంతులే మిగులును. అప్పుడు మోటారు కదలక మూలుగుచు నిలిచిపోవచ్చును. ప్రవాహము మాత్రము తగ్గక, చుట్టలను వేడెక్కించి మాడ్చివేయును. మూలుగు వినబడి మోటారు తిరుగనిచో, తక్షణమే స్విచ్చి తీయవలెను. అది మోటారుగ కాక, షార్టు సర్క్యూటయిన ట్రాన్స్‌ఫార్మరుగ పనిచేయుచున్నదని గ్రహించవలెను.