విడిపోవుడు అల్కనే.. గీత ఏడ గియ్యాలన్నదే లొల్లి

యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొద్దామా, వద్దా అని బ్రిటన్‌ల 2016 జూన్ 23న ఓటింగ్ పెట్టిన్రు. 51.9 శాతం మంది పోదామన్నరు, 48.1 శాతం మంది ఉందామన్నరు. అక్కడితోని ముచ్చట ఒడిసిపోవాలె. కానీ ఒడువలే. బయటికొచ్చినంక యాపారం ఎట్ల చెయ్యాలన్న పంచాది ఏండ్లకేండ్లు నడుస్తనే ఉన్నది. ఇద్దరు ప్రధానుల టైమంతా దీనికే పోయింది. ఎందుకిట్లయింది? నాకు అర్థమైన కాడికి కారణం ఒక్కటే. బ్యాలెట్ పేపర్ మీద ‘ఉందామా, పోదామా’ అని అడిగిన్రు గాని, ‘పోతే సరిహద్దు గీత ఏడ గియ్యాలె’ అని అడగలే.

రెండు తాళ్లు

ముందుగాల రెండు మాటలు అర్థం కావాలె. ఒకటి కస్టమ్స్ యూనియన్. ఇందుల ఉన్న దేశాల మధ్య సరుకుకు సుంకం ఉండదు. బయటి దేశాల నుంచి వచ్చే సరుకుకు అందరూ ఒక్కటే సుంకం ఏస్తరు. కాబట్టి అందులో ఉన్న దేశం సొంతంగ వేరే దేశంతోని సుంకాల ఒప్పందం చేసుకోలేదు. రెండోది సింగిల్ మార్కెట్. ఇది 1993ల మొదలైంది. మందు గోలైనా, మాంసమైనా, పిల్లల బొమ్మైనా అందరికీ ఒక్కటే రూల్. ఒక దేశంల పాసైతే అన్ని దేశాలల్ల పాసైనట్టే. మనుషులు గూడ ఏ దేశంలనైనా పనిచేసుకోవచ్చు.

మనం గూడ 2014ల విడిపోయినం గదా, మనకీ తిప్పలు రాలేదేంది అని ఎవరన్నా అడగొచ్చు. మనం రాష్ట్రాన్ని పంచుకున్నం గాని దేశం ఒక్కటే, రూపాయి ఒక్కటే, కస్టమ్స్ ఒక్కటే, తిండి సామాన్ల చట్టం ఒక్కటే. సూర్యాపేట నుంచి బెజవాడ పోయే లారీకి కస్టమ్స్ కాయితం అక్కరలేదు. బ్రిటన్ తెంపుకున్నది సరిగ్గ ఆ తాడునే.

ఎంచుకునేందుకు ఏమున్నయ్?

బయటికొచ్చేటోళ్ల ముందట ఒక్క తొవ్వ కాదు, నాలుగైదు ఉండె. నార్వే సింగిల్ మార్కెట్‌ల ఉంటది, యూనియన్‌ల ఉండదు. రూల్స్ పాటిస్తది, పైసలు గడ్తది, పని కోసం వచ్చేటోళ్లను రానిస్తది. కానీ ఆ రూల్స్ చేసేటప్పుడు దానికి ఓటు లేదు. టర్కీకి కస్టమ్స్ యూనియన్ ఉన్నది, అదీ ఎక్కువగ ఫ్యాక్టరీ సరుకుకే. కెనడాది మూడో తీరు. ఒప్పందంతోని చానా సుంకాలు పోయినయ్, చెకింగులు ఉన్నయ్. ఇవేవీ వద్దంటే డబ్ల్యూటీవో రూల్స్ మిగుల్తయ్. అప్పుడు యూరప్‌కు పోయే కారు మీద 10 శాతం సుంకం పడ్తది.

ఎంత దగ్గరుంటే అంత మాటినాలె, ఎంత దూరం పోతే అంత చెకింగ్ పడ్తది. ఇదే అసలు లెక్క. ప్రధాని థెరెసా మే 2017 జనవరిల సింగిల్ మార్కెట్, కస్టమ్స్ యూనియన్ రెండింటి నుంచీ బయటికొస్తమని చెప్పిన్రు. ఆ మాటతోనే నార్వే, టర్కీ తొవ్వలు బందైనయ్.

సుంకం లేదు, ఆపుడు ఉన్నది

బ్రిటన్ 2020 జనవరి 31న అధికారికంగ బయటికొచ్చింది. అదే ఏడు డిసెంబర్ 24న యాపార ఒప్పందం కుదిరింది. 2021 జనవరి 1 నుంచి అమలైంది. సుంకం సున్నా, కోటా సున్నా అని సర్కారు గొప్పగ చెప్పింది. అది అబద్ధం కాదు. కానీ సుంకం లేకపోవుడు వేరు, బండి ఆగకపోవుడు వేరు.

ఒక ఉదాహరణ చూడున్రి. బ్రిటన్‌ల మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాలల్ల ‘పెర్సీ పిగ్’ అనే మిఠాయి పేరున్న సరుకు. అది తయారయ్యేది జర్మనీల. అక్కడి నుంచి బ్రిటన్‌కు వచ్చి, మళ్ల ఐర్లాండ్‌కు పోతే సుంకం పడే తీరు వచ్చింది. ఎందుకంటే సున్నా సుంకం బ్రిటన్‌ల తయారైన సరుకుకు గాని, బ్రిటన్ మీదికెళ్లి పోయిన సరుకుకు కాదు. దీన్నే పుట్టుక రూల్ అనుకోవచ్చు. సరుకు ఏడ పుట్టిందో కాయితం మీద రుజువు చెయ్యాలె.

ఆల్చిప్పలు, గుల్లలు పట్టి అమ్మేటోళ్లకు ఇంకో దెబ్బ. కొన్ని తరగతుల నీళ్లల్ల పట్టినయి శుద్ధి చెయ్యకుంట బతికున్నయి బతికున్నట్టే యూరప్‌కు పంపొద్దన్న రూల్ 2021ల బ్రిటన్‌కు గూడ వర్తించింది. మొన్నటిదాంక పంపినోళ్లకు ఒక్కసారిగ గిరాకీ పోయింది. పెద్ద కంపెనీ కాయితాలకు మనుషుల్ని పెట్టుకుంటది. చిన్న యాపారి ఎక్కడికెళ్లి తెస్తడు? బ్రెగ్జిట్‌తోని దేశం ఉత్పాదకత చివరికి 4 శాతం దాంక తగ్గుతదని బ్రిటన్ సర్కారు లెక్కలు చూసే బడ్జెట్ సంస్థే అంచనా ఏసింది.

అసలు ముడి ఐర్లాండ్‌ల

ఐర్లాండ్ దీవిల రెండు ముక్కలున్నయ్. దక్షిణంల ఐర్లాండ్ దేశం యూనియన్‌లనే ఉన్నది. ఉత్తరం ముక్క బ్రిటన్‌ది. నడుమ దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు. అక్కడ ముప్పై ఏండ్లు నెత్తురు పారింది, 3,500 మందికి పైగ సచ్చిపోయిన్రు. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందంతోని శాంతి వచ్చింది. సైన్యం కాపలా పోస్టులు తీసేసిన్రు. ఇప్పుడు అక్కడ మళ్ల గేటు పెడ్తమంటే ఎవరు ఊకుంటరు?

బ్రిటన్ మూడు మాటలిచ్చింది. రెండు తాళ్లూ తెంపుకుంటం, దీవి నడుమ గేటు పెట్టం, ఉత్తర ఐర్లాండ్‌కు మిగతా బ్రిటన్‌కు మధ్య గూడ గేటు పెట్టం. ఈ మూడింట్ల రెండే కుదురుతయ్, మూడోది ఇడువాలె. మే తన ఒప్పందంల మొదటి మాటను జెర సడలించిన్రు. 2019 జనవరి 15న పార్లమెంటు 432–202 తోని కొట్టేసింది. తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ మూడో మాట ఇడిచిండు. గీత సముద్రంల గీసిండు. గీసినంక గూడ, ఎవరన్నా ఫారం నింపమంటే చెత్తబుట్టల ఎయ్యున్రని అక్కడి యాపారులకు చెప్పిండు. ఫారాలు మాత్రం వచ్చినయ్. కోపంతోని డీయూపీ పార్టీ 2022 నుంచి రెండేండ్లు అక్కడి సర్కారునే నడువనియ్యలే. 2023ల విండ్సర్ ఒప్పందం చేసి, అక్కడనే అమ్ముడుపోయే సరుకుకు ఒక లైను, యూరప్‌కు దాటే సరుకుకు ఒక లైను పెట్టిన్రు. గీత జెర సన్నబడ్డది గాని చెరిగిపోలే.

మనకేంది?

బయటికొచ్చుడు పూరా తప్పని నేను అంటలేను. మా చట్టం మేమే చేసుకోవాలె అనుకునుడు తప్పు కాదు. సొంతంగ ఒప్పందాలు చేసుకునే హక్కు గూడ వచ్చింది. ఇండియాతోని 2025 జూలై 24న సంతకాలైన ఒప్పందం యూనియన్‌ల ఉంటే అయ్యేది కాదు. అందుల మన రొయ్యలకు సుంకం సున్నా చేసే మాటున్నది. ఆంధ్ర రొయ్య రైతులకు అది మంచిదే. కానీ రొయ్యల యాంటీబయాటిక్ మందు జాడ దొరికితే సుంకం సున్నా అయినా సరుకు తీస్కోరు. బ్రిటన్ నేర్చుకున్న పాఠం మనకు గూడ పనికొస్తది.

అదే ఏడు మేల బ్రిటన్, యూనియన్ మళ్ల కూసున్నయ్. తిండి సరుకుల చెకింగులు తగ్గాలంటే యూరప్ రూల్స్‌ను బ్రిటన్ పాటించేటట్టు ఒప్పందం చేసుకుందామని అనుకున్నయ్. రూల్ చేసేకాడ ఓటు మాత్రం ఉండదు. ఇది మంచిదా చెడ్డదా అన్నది అక్కడి జనం తేల్చుకోవాలె. కానీ ఏది పొందుతరో, దానికి ఏది ఇడుస్తరో 2016లనే జనం ముందట పెట్టి ఓటడిగితే, ఆ గుల్లలు అమ్మేటోడు, ఆ సరిహద్దు ఊర్లోడు ముందే లెక్కేసుకుంటుండె. ఇంకెవరన్నా విడిపోదామని ఓటడిగితే మొట్టమొదలు అడగాల్సిన ప్రశ్న అదే: గీత ఏడ గీస్తరు, దాని కాడ ఆగేది ఎవరి బండి?