డాక్టరుగారూ, ఈ మోతాదు ఎందుకండీ?

వంకాయలు కొనేటప్పుడు పుచ్చు ఉందేమోనని నాలుగువైపులా తిప్పి చూస్తాం. చీర కొంటే రంగు పోతుందా అని పదిసార్లు అడుగుతాం. అదే డాక్టరుగారు చీటీ రాసి చేతిలో పెడితే మాత్రం నోరు పెగలదు. "ఆయనకి తెలీదా ఏమిటి!" అనుకుని చీటీ మడిచి పర్సులో పెట్టుకుని వచ్చేస్తాం. అందులోనూ ఆ మందు గుండెదడకో, గాభరాకో, నిద్ర పట్టకపోవడానికో అయితే, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనన్న సంకోచం కూడా తోడవుతుంది.

మా పిన్నికి 62 ఏళ్లు. కొడుకు వేరే ఊళ్లో కాపురం పెట్టాక మొదలైంది. గుండె దడదడలాడుతోందంటుంది, ఊపిరి అందడం లేదంటుంది, అర్ధరాత్రి లేచి కూర్చుంటుంది. ఈసీజీ తీయించారు, థైరాయిడ్ పరీక్ష చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. మానసిక వైద్యుడికి చూపించమంటే "నాకేం పిచ్చా?" అని వారం రోజులు అలిగి, చివరికి వెళ్లింది. ఆయన పొద్దున ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములు, రాత్రి క్లోనజిపామ్ 0.25 రాశారు.

పదిహేను రోజుల తర్వాత "ఏమీ తగ్గలేదండీ" అంటే, మొదటి మందు 10 చేశారు. రెండోది 0.5 చేసి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోమన్నారు. పాయింట్ టూ ఫైవ్ కాస్తా పాయింట్ ఫైవ్ అయిందంటే వినడానికి చిన్నమాటే. లెక్క చూడండి, రోజుకి పావు మిల్లీగ్రాము వేసుకునే మనిషి ఒక మిల్లీగ్రాము వేసుకుంటోంది. నాలుగింతలు!

దడ తగ్గిన మాట నిజమే. కానీ పొద్దున పదింటిక్కూడా కళ్లు మూతలు పడుతున్నాయి. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేసింది. ఒకనాడు స్నానాలగది గడప దగ్గర తూలి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. బాబాయి మాత్రం "డాక్టరుకన్నా నీకెక్కువ తెలుసా? నోరుమూసుకుని వేసుకో" అన్నాడు. పిన్ని నాకు ఫోన్ చేసి "రేపట్నుంచి మొత్తం మానేస్తానే అమ్మడూ" అంది.

ఇద్దరి మాటా ప్రమాదమే. క్లోనజిపామ్, ఆల్ప్రజోలామ్, డయజిపామ్ ఇవన్నీ ఒకే కుటుంబం మందులు. మెదడు ఉద్రేకాన్ని చల్లబరుస్తాయి. రోజూ వేసుకుంటుంటే కొన్ని వారాల్లోనే ఒళ్లు వాటికి అలవాటు పడవచ్చు. ఒక్కసారిగా ఆపేస్తే పాత గాభరా రెట్టింపై తిరిగొస్తుంది, చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే మెట్టుమెట్టుగా తగ్గిస్తారు. ఇక వయసు మళ్లినవాళ్లలో మందు ఒంట్లోంచి పోవడం ఆలస్యం. క్లోనజిపామ్ సగం తగ్గడానికే సుమారు 30 నుంచి 40 గంటలు పడుతుంది. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది పడుతుందన్నమాట. మత్తు, తూలు, మతిమరుపు అందుకే. ఈ వయసులో పడి తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి తిరగడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

"ఏదీ మానకు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని మళ్లీ వెళ్లు, నేనూ వస్తాను" అన్నాను. బి.పి. మాత్ర, కాల్షియం, జలుబు మాత్ర, ఆరునెలల కిందట మరో డాక్టరు గ్యాస్ ట్రబుల్‌కి రాసిచ్చిన మాత్ర... అన్నీ బల్లమీద గుమ్మరించాం. డాక్టరుగారు గ్యాస్ మాత్ర అట్ట తిప్పి చూసి "ఇదెప్పట్నుంచి?" అన్నారు. అందులో క్లోర్‌డయజిపాక్సైడ్ ఉంది. అదీ ఆ కుటుంబానిదే! కడుపు మందనుకుని పిన్ని రోజుకి రెండు వేసుకుంటోంది. జలుబు మాత్ర మత్తు వేరే. ఆయన అడగకపోవడం పొరపాటా, మనం చెప్పకపోవడం పొరపాటా అంటే, నన్నడిగితే రెండూనూ.

పిన్ని గొంతు తగ్గించి "కోపం తెచ్చుకోకండి, నాకీ మోతాదు ఎక్కువేమో అనిపిస్తోంది" అంది. ఆయన కోప్పడలేదు. కోప్పడే డాక్టర్లూ ఉంటారు, లేరనను. అప్పుడు "మీరు చెప్పినట్టే వేసుకుంటానండీ, నాకు మాత్రం ఇలా అవుతోంది" అని మొదలుపెడితే వినక తప్పదు. ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, ఎప్పుడు తూలొచ్చింది అన్నది వారంపాటు క్యాలెండరు గళ్లలో రాసి చూపిస్తే ఇంకా మంచిది. ఎంతకాలం వాడాలి, ఎప్పుడు తగ్గిస్తారు, ఒకపూట మరిచిపోతే ఏం చెయ్యాలి అని కూడా అడగండి. చీటీమీద ఎస్.ఓ.ఎస్. అని ఉంటే అవసరమైనప్పుడే అని అర్థం, రోజూ కాదు. మాత్ర పేరు పక్కన ఎస్.ఆర్. అని ఉంటే విరిచి వేసుకోకూడదు.

ఇంకో సంగతి కూడా ఆరోజే తెలిసింది. ఎస్సిటలోప్రామ్ గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుందట. మొదటి రోజుల్లో గాభరా కాస్త పెరిగినట్టు కూడా ఉంటుంది. అంటే పదిహేనో రోజున "ఏమీ తగ్గలేదు" అన్న మాటకి అంత బెంగపడనక్కర్లేదు!

డాక్టరుగారు గ్యాస్ మాత్ర, పొద్దుటి క్లోనజిపామ్ ఎలా తగ్గించుకుంటూ రావాలో తేదీలతో సహా రాసిచ్చారు. ఇదే లెక్క అందరికీ కాదు సుమండీ, మీది మీ డాక్టరుగారే చెప్పాలి. దగ్గర్లో మానసిక వైద్యులు లేనివాళ్లు 14416 నంబరుకి ఫోన్ చేయవచ్చు. కేంద్రప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ అది. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

పిన్ని ఇప్పుడు రాత్రిపూట 0.25 మాత్రమే వేసుకుంటోంది, అదీ వచ్చేనెల సగం చేస్తామన్నారు. మొన్న వెళ్లేసరికి బాబాయి తన బి.పి. చీటీ ఆవిడ ముందు పెట్టి, "ఇందులో ఏం రాశాడో కాస్త చూడవే" అంటున్నాడు.