మొరాయించే యాంటీవైరస్: పుట్టుపూర్వోత్తరాలు

ఇంటి కంప్యూటర్లో యాంటీవైరస్ తెచ్చిపెట్టే ఇబ్బందులు నాలుగైదు రకాలకు మించవు. యంత్రం మందగించడం, రోజువారీ అప్‌డేట్ ఆగిపోవడం, ఏ పాపమూ ఎరుగని ఫైలు మాయమవడం, తీసేశామనుకున్న ప్రోగ్రామ్ పూర్తిగా పోకపోవడం, రక్షణ లేదని హెచ్చరించే ఎర్ర గుర్తు తెర మూలన తిష్ఠవేయడం వీటిలో ముఖ్యమైనవి. వీటన్నిటికీ రిపేరు షాపుల్లో తరచుగా దొరికే మందు ఒక్కటే: ఫార్మాట్ కొట్టి విండోస్‌ను మళ్ళీ ఎక్కించడం. చాలా సందర్భాల్లో అంత దూరం వెళ్ళవలసిన పనే ఉండదు. ఈ ఇబ్బందుల్లో చాలావరకు యాంటీవైరస్ ఎదిగిన క్రమంలో ఏదో ఒక దశలో, ఏదో ఒక అవసరం కోసం చేసిన ఏర్పాటు నుండి పుట్టినవే కాబట్టి, ఆ ఏర్పాటు ఏమిటో తెలిస్తే లోపాన్ని ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

1971లో అమెరికాలోని బీబీఎన్ సంస్థలో పనిచేసిన బాబ్ థామస్, ఆర్పానెట్ అనే తొలినాటి నెట్‌వర్క్ మీద ఒక పీడీపీ-10 కంప్యూటర్ నుండి మరొకదానికి దానంతట అదే కదిలిపోగల క్రీపర్ అనే ప్రోగ్రామ్‌ను ప్రయోగాత్మకంగా రాశాడు. ఆ తరువాత, ఈ-మెయిల్‌కు ఆద్యుడిగా పేరొందిన రే టామ్లిన్‌సన్, క్రీపర్‌ను వెతికి పట్టుకుని తొలగించే రీపర్‌ను తయారుచేశాడు. యాంటీవైరస్ వంశానికి మూలపురుషుడిగా చెప్పదగిన ఈ రీపర్‌కు తెలిసిన శత్రువు ఒక్కటే కాబట్టి, పొరపడే అవకాశం దానికి దాదాపు లేదు. అసలు చిక్కు 1986లో లాహోర్‌కు చెందిన బాసిత్ ఫారూఖ్ అల్వీ, అంజద్ ఫారూఖ్ అల్వీ అనే అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ వైరస్‌తో మొదలైంది. కంప్యూటర్‌ను ఆన్ చేయగానే డిస్కు మీద మొట్టమొదట చదివే భాగాన్ని బూట్ సెక్టర్ అంటారు. బ్రెయిన్ 360 కిలోబైట్ల ఫ్లాపీల మీద ఆ భాగాన్ని ఆక్రమించి, ఫ్లాపీ చేతులు మారినప్పుడల్లా కొత్త యంత్రాల్లోకి ప్రవేశించి, దేశాల సరిహద్దులు దాటింది.

ఆ మరుసటి సంవత్సరం, అంటే 1987లో, అమెరికాలో జాన్ మెకఫీ, జర్మనీలో జీ డేటా సంస్థ, నాటి చెకోస్లవేకియాలో నాడ్ ప్రోగ్రామ్ రచయితలు దాదాపు ఒకేసారి ఈ రంగంలోకి దిగారు. భారతదేశంలో 1991లో చెన్నై కేంద్రంగా జె. కేశవర్ధనన్ కె7 సంస్థను ప్రారంభించగా, ఆ దశాబ్దంలోనే పుణేలో కాట్కర్ సోదరులు క్విక్ హీల్‌ను రూపొందించారు. వీరందరూ మొదట ఆశ్రయించిన పద్ధతిని సిగ్నేచర్ పద్ధతి అంటారు. వైరస్ నమూనాను విడదీసి, మరే ప్రోగ్రామ్‌లోనూ కనిపించని చిన్న బైట్ల వరుసను అందులోంచి ఏరి, ఆ వరుస ఏ ఫైలులో కనిపించినా దాన్ని వైరస్‌గా ప్రకటించడం ఇందులోని కిటుకు. ఇది వేగవంతమైనది, కచ్చితమైనది కూడా. అయితే అంతకుముందు ఎవరో ఒకరి కంప్యూటర్లో పట్టుబడి, పరిశోధకుల చేతికి చిక్కిన వైరస్‌ను మాత్రమే గుర్తించగలదు. ఫ్లాపీల కాలంలో ఈ సిగ్నేచర్ల జాబితా ఎప్పుడో ఒకసారి వచ్చినా పని జరిగేది. ఇప్పుడు హానికరమైన, అవాంఛిత ప్రోగ్రాములు రోజుకు నాలుగున్నర లక్షలకు పైగా కొత్తగా నమోదవుతున్నాయని జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ చెబుతోంది కనుక, అప్‌డేట్ నిలిచిపోయిన యాంటీవైరస్ విలువ వారాల్లోనే పడిపోతుంది.

అప్‌డేట్ ఎందుకు ఆగుతుందన్న ప్రశ్నకు నెట్ లేకపోవడం, డిస్కులో చోటు నిండిపోవడం, చందా గడువు ముగియడం వంటి సమాధానాలు ఎవరికైనా తడతాయి. చాలామందికి తట్టనిది గడియారం. అప్‌డేట్ పంపే సర్వర్ తన గుర్తింపును నిరూపించుకోవడానికి ఒక డిజిటల్ సర్టిఫికెట్ చూపుతుంది, దాని మీద చెల్లుబాటు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి, ఇంటి కంప్యూటర్ ఆ తేదీలను తన సొంత గడియారంతో సరిచూసుకుంటుంది. కరెంటు లేనప్పుడు కూడా డెస్క్‌టాప్‌లో ఆ గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత ఉండే సీఆర్2032 అనే మూడు వోల్టుల బ్యాటరీ. కొన్నేళ్ళకు అది నీరసించి, ప్లగ్గు దగ్గర స్విచ్చి ఆపిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది, అప్పుడు నిక్షేపంలాంటి సర్టిఫికెట్ కూడా ఇంకా అమల్లోకి రానిదిగా కనిపించి, కంప్యూటర్ ఆ సర్వర్‌తో మాట్లాడడానికే నిరాకరిస్తుంది. డబ్బు కట్టిన లైసెన్సు చెల్లదన్న సందేశం రావడానికి కూడా ఒక్కొక్కసారి ఇదే కారణం. ఫోన్ చేసి కంపెనీతో వాదించే ముందు తెర మూలన ఉన్న తేదీని, అందులో ముఖ్యంగా సంవత్సరాన్ని, ఒకసారి చూడడం మేలు. తేదీ సరిచేశాక మర్నాటికి మళ్ళీ తప్పితే బ్యాటరీ మార్చవలసిందే.

అప్‌డేట్ ఆగడానికి చాలామందికి తట్టని రెండో కారణం మరింత ప్రమాదకరమైనది. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే వార్మ్, అంటే మనిషి ప్రమేయం లేకుండా నెట్‌వర్క్ మీద పాకిపోయే ప్రోగ్రామ్, తాను సోకిన కంప్యూటర్లో వెబ్‌సైట్ల పేర్లను వెతికే యంత్రాంగాన్ని మార్చివేసి, యాంటీవైరస్ కంపెనీల పేర్లు, మైక్రోసాఫ్ట్ పేరు కనిపించిన చిరునామాలను తెరుచుకోనిచ్చేది కాదు. వార్తాపత్రికలు, పాటలు, బ్యాంకు సైట్లు అన్నీ మామూలుగానే వచ్చేవి కాబట్టి ఇంట్లోవారికి అనుమానం కలిగేది కాదు. ఆ పద్ధతిని తరువాతి వైరస్‌లు కూడా అందిపుచ్చుకున్నాయి. కనుక మిగతా నెట్ అంతా బాగుండి భద్రతా సంస్థల సైట్లు మాత్రమే తెరుచుకోకపోతే, అది కంప్యూటర్లో ఏదో దూరిందనడానికి గట్టి సూచన. అలాంటప్పుడు నడుస్తున్న విండోస్ లోపలి నుండి స్కాన్ చేసి ప్రయోజనం తక్కువ, ఎందుకంటే వైరస్ కూడా అదే సమయంలో నడుస్తూ ఆ స్కాన్‌కు అడ్డుపడగలదు. విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ యాంటీవైరస్‌లోని ఆఫ్‌లైన్ స్కాన్ కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, మామూలు విండోస్ లేవకముందే డిస్కును వెతుకుతుంది కాబట్టి, నిద్రలో ఉన్న వైరస్‌కు ఎదురుతిరిగే అవకాశం ఉండదు.

ఏ పాపమూ ఎరుగని ఫైలు మాయమవడం వెనుక ఉన్న కథ ఇంకా లోతైనది. ఒక గణిత సత్యం దగ్గర మొదలవుతుంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఫ్రెడ్ కోహెన్ 1983 నవంబరులో ఒక సెమినార్‌లో తన ప్రయోగాత్మక వైరస్‌ను ప్రదర్శించి, మరుసటి సంవత్సరం ప్రచురించిన పరిశోధనపత్రంలో అన్ని వైరస్‌లనూ తప్పులేకుండా పట్టుకునే ప్రోగ్రామ్ అసాధ్యమని నిరూపించాడు. ఆయన వాదం చిన్నది, కానీ దానికి తిరుగులేదు. అలాంటి సర్వజ్ఞ ప్రోగ్రామ్ ఒకటి ఉందనుకుంటే, దాన్నే తన లోపల ఇముడ్చుకుని తన గురించి తానే తీర్పు అడిగే మరో ప్రోగ్రామ్ రాయవచ్చు. ‘ఇది వైరస్’ అని తీర్పు వస్తే అది ఏమీ చేయక ఊరుకుంటుంది, ‘కాదు’ అని వస్తే వ్యాపిస్తుంది. అప్పుడు సర్వజ్ఞ ప్రోగ్రామ్ ఏ తీర్పు చెప్పినా అది తప్పే అవుతుంది. 1990లో మార్క్ వాష్‌బర్న్ రాసిన 1260 అనే వైరస్ ప్రతి నకలులోనూ తన రూపు మార్చుకోవడంతో, స్థిరమైన బైట్ల వరుసను నమ్ముకున్న సిగ్నేచర్ పద్ధతి ఒక్కటే చాలదని తేలిపోయింది. ఫైలు ఆకారాన్ని, నడవడిని చూసి అనుమానించే హ్యూరిస్టిక్ పద్ధతి అందువల్లనే ప్రాధాన్యం సంతరించుకుంది. అనుమానం ఉన్నచోట అపవాదు కూడా ఉంటుంది. కీబోర్డు మీద నొక్కే ప్రతి అక్షరాన్నీ మధ్యలో అందుకుని తెలుగు లిపిగా మార్చే పాత టైపింగ్ ప్రోగ్రామ్, పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రామ్ కూడా చేసేది ఆ అందుకోవడమే కాబట్టి, హ్యూరిస్టిక్ కంటికి దోషిలా కనిపించగలదు.

ఈ అపవాదు పెద్దఎత్తున పడిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 2010 ఏప్రిల్ 21న మెకఫీ సంస్థ విడుదల చేసిన అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణాధారమైన ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలును వైరస్‌గా పొరబడడంతో ఎన్నో కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్ట్ అవుతూ పోయాయి. 2012 సెప్టెంబరులో సోఫోస్ సంస్థ యాంటీవైరస్ తన సొంత అప్‌డేట్ ప్రోగ్రామ్‌నే అనుమానించింది. తప్పును సరిదిద్దే తదుపరి అప్‌డేట్‌ను తెచ్చుకునే దారి కొన్నిచోట్ల దాంతో మూసుకుపోయింది. ఇంటి స్థాయిలో ఇలా జరిగినప్పుడు గుర్తుంచుకోవలసినది ఏమిటంటే, మాయమైన ఫైలు చాలాసార్లు చెరిగిపోదు. అది నడవడానికి వీల్లేని రూపంలోకి మారి, క్వారంటైన్ అనే ప్రత్యేకమైన చోట భద్రంగా ఉంటుంది, అక్కడి నుండి తిరిగి రప్పించవచ్చు. అయితే రప్పించే ముందు యాంటీవైరస్‌ను అప్‌డేట్ చేసి మళ్ళీ పరీక్షించడం, ఫైలును దాని అసలు తయారీదారు సైటు నుండే తెచ్చుకున్నామా అని చూసుకోవడం, పదుల సంఖ్యలో యాంటీవైరస్‌ల తీర్పును ఒకేచోట చూపే వైరస్‌టోటల్ వంటి సేవలో సరిచూడడం అవసరం. ఆ సేవకు అప్పగించిన ఫైళ్ళు భద్రతా సంస్థలకు అందుబాటులోకి వెళతాయి కాబట్టి ఆధార్ నకళ్ళు, బ్యాంకు కాగితాలు మాత్రం అందులో పెట్టకూడదు.

మందగమనానికి మూలం యాంటీవైరస్‌కు దక్కిన అధికారంలో ఉంది. తొలిరోజుల్లో మనిషి పిలిస్తేనే పలికిన ఈ ప్రోగ్రామ్, తరువాత ఎల్లవేళలా మెలకువగా ఉండే కాపలాగా మారి, ఆపరేటింగ్ సిస్టమ్ గర్భగుడి అనదగిన కెర్నెల్‌లో ఫిల్టర్ డ్రైవర్ అనే తన భాగాన్ని ప్రతిష్ఠించుకుంది. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలును తెరవబోయినా ఆ డ్రైవర్ మధ్యలో ఆపి, తనిఖీ చేయించి, ఆ తరువాతే వదులుతుంది. ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రంలో ఈ ఆలస్యం అంతగా తెలియదు. తిరిగే పళ్ళేల పాత హార్డ్ డిస్కులో పూర్తి స్కాన్ జరుగుతున్నప్పుడు మాత్రం వర్డ్ తెరుచుకోవడానికి కూడా నిమిషాలు పట్టవచ్చు. స్కాన్‌ను కంప్యూటర్ ఖాళీగా ఉండే వేళకు మార్చుకోవడం సరైన పరిష్కారం. డౌన్‌లోడ్స్ ఫోల్డరునో, ఏకంగా సి డ్రైవునో తనిఖీ నుండి మినహాయించడం వేగం కోసం వీధి తలుపు తీసిపెట్టడమే. రెండు యాంటీవైరస్‌లను కలిపి వాడితే రక్షణ రెట్టింపవుతుందన్న నమ్మకం కూడా ఇక్కడే దెబ్బతింటుంది. మొదటిది తనిఖీ కోసం ఫైలు తెరిస్తే రెండోది దాన్ని ఆపుతుంది, రెండోది తెరిస్తే మొదటిది ఆపుతుంది, చివరకు రెండూ ఒకదాని కోసం ఒకటి కాచుకుని యంత్రం బిగుసుకుపోగలదు. ఒకదాన్ని తీసేసినా కెర్నెల్‌లోని డ్రైవర్ మిగిలిపోతే ఇదే గతి పట్టవచ్చు కాబట్టి, మామూలు అన్‌ఇన్‌స్టాల్‌తో సరిపెట్టకుండా ఆయా కంపెనీలు ఉచితంగా ఇచ్చే తొలగింపు సాధనాన్ని వాడాలి.

కెర్నెల్‌లోని ప్రోగ్రామ్ పొరబడితే మొత్తం యంత్రమే కూలుతుందని ప్రపంచానికి తెలిసివచ్చిన రోజు 2024 జూలై 19. ఇళ్ళలో కాక కార్యాలయాల్లో వాడే క్రౌడ్‌స్ట్రైక్ రక్షణ ప్రోగ్రామ్‌కు అందిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ ఫైలు కారణంగా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అంతటి విపత్తుకూ ఎక్కువచోట్ల చేసిన మరమ్మతు ఏమిటంటే, అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే లేచే సేఫ్ మోడ్‌లోకి యంత్రాన్ని తెచ్చి, తప్పు ఫైలు ఒక్కదాన్ని తొలగించడం. ఇంట్లో యాంటీవైరస్ ఎక్కించాక లేదా అప్‌డేట్ అయ్యాక విండోస్ లేవకపోతే ప్రయత్నించవలసిన మొదటి దారి కూడా అదే. ఫార్మాట్ గురించి ఆలోచించేది ఆ తరువాతే.

జిరాక్సు షాపుకు వెళ్ళివచ్చిన పెన్‌డ్రైవ్‌తో వచ్చే చిక్కు వేరు. ఫోల్డర్లను దాచి వాటి స్థానంలో షార్ట్‌కట్లు పెట్టే వైరస్‌ను యాంటీవైరస్ తొలగించాక పెన్‌డ్రైవ్ ఖాళీగా కనిపిస్తుంది, ఫైళ్ళన్నీ పోయాయని జనం బెంబేలెత్తుతారు. నిజానికి అవి దాగి ఉంటాయి. దాచిన ఫైళ్ళను, సిస్టమ్ ఫైళ్ళను చూపే అమరికలు రెండింటినీ మార్చితే బయటపడతాయి. అనుమతి లేని పెన్‌డ్రైవ్‌లను అడ్డుకునే యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే సాధనాన్ని హైదరాబాద్‌లోని సీ-డాక్ సంస్థ రూపొందించగా, 2017లో కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా దాన్ని ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది.

ఇక మిగిలినది ఎర్ర గుర్తు. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌తోనే వస్తోంది, అయితే మరో కంపెనీ యాంటీవైరస్ చేరితే తాను పక్కకు తప్పుకుంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌తో ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్ గడువు ముగిశాక కూడా తన పేరు నమోదులో ఉంచుకుంటే, పనిచేయని కాపలాదారు కారణంగా పనిచేయగలవాడు కూడా దూరంగా ఉండిపోయే పరిస్థితి ఏర్పడవచ్చు. గడువు తీరినదాన్ని పూర్తిగా తొలగించి రీస్టార్ట్ చేస్తే సాధారణంగా డిఫెండర్ మేల్కొంటుంది. నిజంగా మేల్కొన్నదో లేదో తేల్చుకోవడానికి ఐకార్ అనే ఐరోపా సంస్థ పేరిట 68 అక్షరాల పరీక్ష ఫైలు ఒకటి ఉంది. అందులో హాని కలిగించేది ఏదీ లేదు, కానీ దాన్ని చూస్తే వైరస్‌గా ప్రకటించాలని యాంటీవైరస్ తయారీదారులు అంగీకరించారు. ఆ సంస్థ సైటు నుండి దాన్ని డౌన్‌లోడ్ చేయబోతే హెచ్చరిక రావాలి. రాకుండా ఫైలు నిశ్చింతగా డెస్క్‌టాప్ మీదికి చేరితే రియల్‌టైమ్ రక్షణ ఆగి ఉందని అర్థం, విండోస్ సెక్యూరిటీ తెరిచి ఆ మీట మళ్ళీ వేయాలి. వేసిన మీట దానంతట అదే తిరిగి ఆగిపోతుంటే మాత్రం దాన్ని ఆపుతున్నది లోపల దాగిన వైరస్ కావచ్చు కనుక, ఆఫ్‌లైన్ స్కాన్ చేసి చూడవలసి ఉంటుంది.