పాఠం ఫోనులో... పరీక్ష పొదల్లో!

శ్రీనగర్ కాలనీ, హైదరాబాద్: శ్రీనగర్ కాలనీ అంటే పల్లెల్లో వారికి ముందుగా గుర్తొచ్చేవి సినిమా కంపెనీల ఆఫీసులే. వేషం కోసమో, కెమేరా అసిస్టెంటు పని కోసమో ఊళ్ల నుంచి వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఆ చుట్టుపక్కల గదుల్లోనే దిగుతారు. ఓ పక్క సారథి స్టూడియో, మరో పక్క కొండెక్కితే అన్నపూర్ణ స్టూడియో, ఇంకా పైకి పోతే ఫిలింనగర్. అలాంటి చోట కెమేరా పట్టటం నేర్చుకుంటే వింతేముంది? వింతల్లా ఏమంటే, నేర్చుకునే వారిలో కొందరి గురి హీరో మీద లేదు, నెమలి మీద ఉంది. అదీ గురువు ఎదురుగా లేకుండా, అరచేతిలో ఫోను పెట్టుకుని!

వన్యప్రాణుల ఫొటోలు తీయటం నేర్పే ఆన్‌లైన్ కోర్సులు 2020 లాక్‌డౌన్ తర్వాత బాగా వ్యాపించాయి. షూటింగులు ఆగిపోయి, అడవుల్లోకి యాత్రలు ఆగిపోయి, పాఠం చెప్పేవారూ వినేవారూ ఇళ్లలోనే చిక్కుకున్న రోజులవి. బెంగళూరుకు చెందిన సుధీర్ శివరాం వంటి పేరున్న ఫొటోగ్రాఫర్లు ఈ విద్యను ఫోనులోకి తెచ్చారు. అమెరికాలో పక్షుల పరిశోధనకు పేరుపడ్డ కార్నెల్ సంస్థ కూడా పక్షుల ఫొటోలకోసం ప్రత్యేకంగా ఒక కోర్సు పెట్టింది. వీటికి డబ్బు కట్టాలి. ఫొటో సంగతి అటుంచి అసలు జంతువు సంగతి తెలుసుకోవాలంటే, కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ‘స్వయం’లో వన్యప్రాణుల గురించిన ఐఐటీ పాఠాలు ఉచితంగానే వినవచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. చిక్కల్లా భాషతోనే. పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగులో చదువుకున్న కుర్రవాడు ఒక్కో పాఠాన్ని రెండు మూడుసార్లు వెనక్కి తిప్పి వినక తప్పదు.

పాఠంలో చెప్పేది ఏమిటి? ఎగిరే పిట్ట రెక్క ఫొటోలో అలికినట్టు రాకుండా ఉండాలంటే షట్టరు సెకనులో వెయ్యో వంతుకన్నా వేగంగా మూసుకోవాలి. అంత వేగంగా మూస్తే లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది. కనుక లెన్సు కన్ను పెద్దది చేయాలి, లేదా కెమేరాకు వెలుగును పట్టే చురుకు పెంచాలి. చురుకు మరీ పెంచితే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు పడతాయి. ఈ మూడింటి మధ్య బేరమే ఫొటోగ్రఫీ. ఆపైన, గురి ఎప్పుడూ ప్రాణి కంటి మీద ఉండాలి. నిలబడి కిందకు చూస్తూ తీయకూడదు, నేలకు వంగి పిట్ట ఎత్తు నుంచి తీయాలి. ఎండ నడినెత్తికి రాకముందే పని ముగించాలి. ఇంతవరకూ ఫోనులో చూసి నేర్చుకోవచ్చు, సందేహం లేదు. నెల రోజుల్లో చెయ్యి తిరుగుతుంది.

రీటేకు లేని షూటింగు

అసలు కథ ఆ తర్వాతే మొదలు. స్టూడియోలో లైటు సరిపోకపోతే ఇంకో లైటు పెడతారు. హీరో చూపు తప్పితే మరో టేకు. నెమలికి ‘యాక్షన్’ చెప్పేవారు లేరు, రీటేకు అంతకన్నా లేదు. పాఠం విన్నవారికి శ్రీనగర్ కాలనీ దగ్గరలోనే పరీక్ష హాలు ఉంది. అదే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం. 390 ఎకరాల పైచిలుకు ఉన్న ఈ అడవిని 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1970 దశకంలో అక్కినేని నాగేశ్వరరావు స్టూడియో కట్టిన నాటికి ఆ కొండలన్నీ బండరాళ్లు, ముళ్లపొదలే. మేడలు లేచాక మిగిలిన రాళ్లూ పొదలూ ఈ పార్కులోనే చూడాలి. నెమళ్లు, కుందేళ్లు, ముళ్లపందులు, పికిలిపిట్టలు నగరం నడిమధ్య ఇంకా బతుకుతున్నాయి. తెల్లవారగానే నడకకు వచ్చే జనం వందల్లో ఉంటారు కాబట్టి నెమళ్లకు మనిషి పొడ కొంత అలవాటే. పెద్ద కెమేరా లోపలికి తీసుకుపోవటానికి అనుమతి, రుసుము ఏమిటో ముందే గేటు దగ్గర కనుక్కోవాలి. అభయారణ్యాల్లో ఫొటోలకు అటవీశాఖ అనుమతి ఉండాలని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఉంది.

పార్కులో ఒక వారం తిరిగితే కోర్సులోని రెండో సగం అర్థమవుతుంది. మంచి కోర్సుల్లో సగం పాఠం కెమేరా గురించి ఉండదు. ఎప్పుడు కెమేరా దించాలన్నదే ఆ సగం.

మన చెలకల్లో గుడ్లు పెట్టే తీతువునే తీసుకోండి. గూడు కట్టదు. రాళ్ల మధ్య నేల మీదే పెడుతుంది, గుడ్లూ రాళ్ల రంగులోనే ఉంటాయి. మనిషి వస్తే నెత్తి మీద తిరుగుతూ అరిచి గోల చేస్తుంది. ఆ గోల ఫొటోకి బాగుంటుంది, నిజమే. కానీ వేసవి ఎండలో ఆ తల్లి చేస్తున్న పని వేరు. నీటిలో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది, తన నీడ పడేలా నిలబడుతుంది. ఫొటోగ్రాఫరు అరగంట అక్కడే కూర్చుంటే తల్లి అరగంట దూరంగా ఉంటుంది. గుడ్లు కాలే బండల మధ్య మిగిలిపోతాయి. ఫొటో వస్తుంది, పిల్లలు రావు. అందుకే గూళ్ల ఫొటోలను తీసుకోని పోటీలు, సంఘాలు ఉన్నాయి. గూడు కనబడాలని కొమ్మలు విరచటం, ఎర వేసి గద్దను రప్పించటం, ఫోనులో కూత వినిపించి గుడ్ల కాలంలో పిట్టను మోసగించటం వంటివన్నీ తప్పు పనులుగానే నేర్పుతారు. రక్షిత పక్షుల గూళ్లను, గుడ్లను చెదరగొట్టటం చట్టం దృష్టిలో వేటతో సమానం.

వేటకు, ఫొటోకు మన గడ్డ మీద పాత చుట్టరికమే ఉంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ తీసిన ప్రసిద్ధమైన బొమ్మల్లో ఒకటి వరంగల్ ప్రాంతంలోని నెక్కొండలో తీసినది. 1902లో వేటకు వచ్చిన వైస్రాయి కర్జన్, ఆయన భార్య, వారి ముందు చచ్చి పడివున్న పెద్దపులి. ఆనాడు పులి ఫొటో అంటే అదే. బతికి ఉన్న పులిని దాని దారిలో తీయటం ఆ తర్వాతి కాలం మాట. ఇప్పుడు అమ్రాబాద్, కవ్వాల్, నాగార్జునసాగర్-శ్రీశైలం అడవుల్లో పులుల లెక్కకు చెట్లకు కట్టిన కెమేరాలే ఆధారం. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు గనుక, ఫొటోయే పులికి వేలిముద్ర.

ఐతన్న చూపిన పిట్ట

ఇక ఏ కోర్సూ నేర్పలేని సంగతి ఒకటుంది: ప్రాణి ఎక్కడ ఉంటుందో తెలియటం. దానికి కడప జిల్లా కలివికోడిని మించిన సాక్ష్యం లేదు. జెర్డన్ అనే ఇంగ్లీషు వైద్యుడు కనుగొన్న ఈ పిట్ట 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికులను వాకబు చేస్తూ వెతకగా, 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతపు రెడ్డిపల్లెలో ఐతన్న అనే గ్రామస్థుడు రాత్రివేళ టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి చూపాడు. 86 సంవత్సరాలుగా ప్రపంచానికి లేని పిట్ట ఆ ఊరివారికి ఉంది! పట్టుబడిన పిట్ట కొద్ది రోజులకే చనిపోయింది. చేతికి చిక్కించుకోకుండా ఉనికి తెలుసుకునే మార్గం కావాలి గదా? 2000 తర్వాతి సంవత్సరాల్లో పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టిపట్టీలు పరిచి అడుగుజాడలు చూశారు, ప్రాణి కదిలితే దానంతటదే పేలే కెమేరాలు పెట్టారు. 1988లో వెలసిన శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఈ పిట్ట చలవే. ఆ తర్వాత తెలుగుగంగ కాలువ దారిని మార్చవలసి వచ్చిందీ దీనికోసమే.

ఇక్కడే ఊరివారు ఆలోచించవలసిన చిక్కు ఉంది. ఫోనుతో తీసిన ఫొటోలో తీసిన చోటు గుర్తు కూడా దాగి ఉంటుంది. సెట్టింగులో దాన్ని ఆపకపోతే, ఊరి గుట్ట మీద కనబడ్డ అలుగు బొమ్మను సంబరంగా నలుగురికీ పంపిన కుర్రవాడు వేటగాడికి దారి చెప్పినట్టే. అలుగు పొలుసుల కోసం, నక్షత్ర తాబేలు పెంపకం కోసం దొంగ వ్యాపారం నడుస్తున్న సంగతి తెలిసిందే. పక్షుల లెక్కలు నమోదు చేసే ‘ఈబర్డ్’లో కూడా ప్రమాదంలో ఉన్న జాతుల చోటును బయటకు చూపరు. పట్నం నుంచి కారులో వచ్చి ‘ఎక్కడ ఉంది, చూపించు’ అని డబ్బు ఇవ్వజూపే వారికి చూపించాలా వద్దా అన్నది ఆ ఊరు ముందే తేల్చుకోవటం మంచిది. గుంటూరు జిల్లా ఉప్పలపాడు చెరువులో గూళ్లు కట్టే గూడబాతులను, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చెట్ల మీది కొంగలను కాపాడుకుంటున్నది ఊరి జనమే. ఫొటోగ్రాఫర్లు అక్కడికి అతిథులు మాత్రమే.

ఖర్చు మాటా చెప్పుకోవాలి. దూరపు లెన్సు, కెమేరా కలిపితే లక్ష రూపాయలు దాటుతుంది. అప్పు చేసి కొనవలసిన వస్తువు కాదు. నేర్చుకోవటానికి చేతిలో ఫోను, పాతదైనా ఒక దుర్భిణి చాలు. దుర్భిణి అద్దానికి ఫోను కన్ను ఆనించి తీసినా గట్టు మీద కొంగ తెలిసేలా పడుతుంది. పైగా శ్రీనగర్ కాలనీలో గది తీసుకుని నేర్చుకునే వాడికి లేని సదుపాయం పల్లెలో ఉంది. మనిషి నడిచి వస్తే లేచిపోయే పిట్టలు ఎడ్లబండిని, ట్రాక్టరును పట్టించుకోవు. తొలకరి దుక్కికి ట్రాక్టరు దిగితే చాలు, పురుగుల కోసం తెల్లకొంగలు, గోరువంకలు చాళ్ల వెంటే నడుస్తాయి. గట్టు మీద కదలకుండా చతికిలబడితే, వాటంతటవే దగ్గరకు వస్తాయి. ట్రాక్టరు మలుపు తిరిగేటప్పుడు మాత్రం ఎదురుగా కూర్చోకూడదు.